మా వంశవృక్షం ఎందుకు వెలిసిపోయింది: పిగ్మెంట్ ఇంకు ప్యాడ్ల గురించి

బరంపురంలో మా ఇంటి ముందు గదిలో, తూర్పు కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి ఒక పెద్ద ఫ్రేము ఉండేది. 2021లో మా మామ్మకి సహస్ర చంద్ర దర్శనం చేసినప్పుడు నేను తయారుచేసిన వంశవృక్షం అది. చెట్టు మొదలు ముదురు గోధుమ రంగులో, ఆకులు రెండు మూడు రకాల పచ్చల్లో, ఒక్కో ఆకు కింద ఒక్కో పేరు ఊదా రంగులో. అన్నీ రబ్బరు స్టాంపులతో వేసినవే. అక్షరాలు నేనే చెక్కాను. తెలుగు అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కడం ఎంత పనో చేసినవాళ్ళకి తెలుస్తుంది. తలకట్లు, వత్తులు, గుడులు కలుపుకుని ఆ పని నాలుగు నెలలు పట్టింది.

రెండేళ్ళు తిరిగాయి. మామ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ అయ్యి, కట్టు విప్పిన వారానికి ఆ ఫ్రేము ముందు నిలబడింది. చాలాసేపు చూసి, "ఏటే అమ్మా, నా పేరు అగుపడట్లేదు. కళ్ళు మళ్ళీ పాడైపోయాయా?" అంది. ఆవిడ గొంతులో భయం విన్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆవిడ కళ్ళకి ఏమీ కాలేదు. పేరే పోయింది.

"లేదు మామ్మా, రంగు వెలిసిపోయింది. నీ కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుంది గానీ, నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఫ్రేము దింపి విప్పాను. అంచుల్లో అట్ట కింద దాగిన భాగంలో ఊదా రంగు వేసిన రోజున ఉన్నట్టే ఉంది. వెలుతురు తగిలిన చోట పేర్లు బూడిద మరకల్లా మిగిలాయి. ఆకుల్లో పసుపు భాగం ఎగిరిపోయి పాలిపోయిన నీలం మిగిలింది. గోధుమ రంగు మొదలు గులాబీ రంగుకి తిరిగింది. నేను వాడింది పేర్లకి మామూలు ఆఫీసు స్టాంపు ప్యాడు, ఆకులకీ మొదలుకీ క్రాఫ్ట్ దుకాణంలో దొరికే రంగుల డై ప్యాడ్లు. అప్పట్లో నాకు ప్యాడంటే ప్యాడే.

ఇదంతా ఇంత బాధగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ పేర్లు మాకు అలంకారం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రొవిన్సుగా ఏర్పడి, గంజాం మద్రాసు నుంచి విడిపోయినప్పుడు మా కుటుంబం రెండుగా ఉండిపోయింది. టెక్కలి వైపు ఉన్నవాళ్ళు అటు, బరంపురం, పర్లాకిమిడిల్లో ఉన్నవాళ్ళు ఇటు. మా తమ్ముడి పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లిషు, హిందీ చదువుతారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. వాళ్ళకి తెలుగు లిపి రోజూ కంటపడే చోట్లు మా ఇంట్లో రెండే: వంటగదిలో క్యాలెండరు, ముందు గదిలో ఈ చెట్టు. పెద్దదానికి తన పేరులో ఉన్న అక్షరాలు గుర్తుపట్టడం ఆ చెట్టు మీదే వచ్చింది.

కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. పదేళ్ళ తర్వాత కూడా ఎవరైనా చదవాలి అనుకుని వేసే ముద్రకి డై ప్యాడు వాడకూడదు. పిగ్మెంట్ ప్యాడే వాడాలి. అయితే డబ్బా మీద పిగ్మెంట్ అని రాసి ఉంటే చాలనుకోకూడదు. మన కిటికీలో మనమే పరీక్ష పెట్టుకుని, నిలబడిన రంగునే వాడాలి.

డైకీ పిగ్మెంట్‌కీ తేడా వంటింట్లోనే ఉంది. బెల్లం నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది, ఇక బెల్లం వేరు, నీళ్ళు వేరు అని ఉండదు. అది డై. ముగ్గుపిండి నీళ్ళలో కలిపితే తెల్లగా కనబడుతుంది గానీ కరగదు, కాసేపు వదిలేస్తే అడుక్కి దిగుతుంది. అది పిగ్మెంట్. డై కాగితం పీచులోకి ఇంకిపోతుంది. త్వరగా ఆరుతుంది, అంచులు కాస్త పాకుతాయి. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి గట్టి రేణువులుగా ఉంటుంది. అది ఎక్కువగా కాగితం పైనే కూర్చుంటుంది. దాన్ని అక్కడ పట్టి ఉంచడానికి ఇంకులో జిగురులాంటి పదార్థం ఒకటి ఉంటుంది.

ఎండ దగ్గర వీటికి తేడా ఎందుకు వస్తుందో నాకు మా అమ్మమ్మ ఊళ్ళో కళ్ళం గుర్తొస్తేనే బోధపడింది. నూర్చిన ధాన్యం పలచగా పరిస్తే ఎండ ప్రతి గింజకీ తగులుతుంది. అదే ధాన్యం కుప్ప పోస్తే పై వరసకే తగులుతుంది, లోపలిది చల్లగా ఉంటుంది. డైలో రంగు అణువులు దాదాపు విడివిడిగా పరుచుకుని ఉంటాయి, వెలుతురు ఒక్కొక్కదాన్నీ విరగ్గొడుతుంది. పిగ్మెంట్ రేణువులో ఎన్నో అణువులు కుప్పగా, గట్టిగా పేరుకుని ఉంటాయి. పైవి పోయినా లోపలివి నిలుస్తాయి. కిటికీకి అద్దం ఉంది కదా అని ధైర్యపడడానికీ లేదు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది. మిగిలినవీ, మామూలు వెలుతురూ లోపలికి వచ్చేస్తాయి, బలహీనమైన డైలకి అవే చాలు.

ఈ సంగతి మన పెద్దవాళ్ళకి పేర్లు లేకుండానే తెలుసు. తెల్ల చీర మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టి ఎండలో ఆరేయమంటారు, సాయంత్రానికి మరక సగం పోతుంది. పసుపులో ఉండే కర్కుమిన్ వెలుతురుకి అస్సలు తట్టుకోదు. అదే జాజు పూసిన గోడ ఎన్ని ఎండలు కాసినా ఎర్రగానే ఉంటుంది. జాజులో ఉండేది ఇనుప ఆక్సైడ్, అంటే తుప్పు జాతిది, ఇక మారడానికి పెద్దగా ఏమీ మిగలని పదార్థం. మా పక్క గజపతి, రాయగడ జిల్లాల్లో సవరల ఇళ్ళల్లో వేసే ఇడితాల్ గోడబొమ్మలకి వెనక పూత ఈ ఎర్రమట్టే. దాని మీద బియ్యప్పిండితో తెల్లటి మనుషులు, చెట్లు, గుర్రాలు. పొగకి నల్లబడిన గోడ మీద కూడా ఆ ఎరుపు ఎరుపుగానే కనిపించడం నేను చూశాను.

మా ఇంట్లో ఇంకో సాక్ష్యం ఉంది. వంశవృక్షం పాడైన రోజున పేర్లు మళ్ళీ సరిచూసుకోవడానికి మామ్మ తన పెట్టెలోంచి ఒక తాటాకు కట్ట తీసింది. మా తాతగారి తండ్రి జాతకం. గంటంతో గీసి, ఆ గీతల్లో మసి నూనెతో రుద్దినది. అక్షరాలు నిన్న రాసినట్టు నల్లగా ఉన్నాయి. ఒకే బల్ల మీద ఇటు నా రెండేళ్ళ చెట్టు, అటు వందేళ్ళ ఆకులు. న్యాయంగా చెప్పాలంటే ఆ ఆకులు గుడ్డలో చుట్టి చీకట్లో ఉన్నాయి, అక్షరం ఆకులోకి చెక్కి ఉంది. నా చెట్టు ఎండలో వేలాడింది. అయినా మసి అంటే కార్బన్. ఎండకి విరిగిపోయేందుకు అందులో ఏమీ లేదు. భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ మ్యూజియంలో ఇలాంటి తాటాకు గ్రంథాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఆకుని పురుగు తింటుంది, తేమ తింటుంది. ఆ నలుపుని మాత్రం కాలం తినలేదు. ఇవాళ మంచి నల్ల పిగ్మెంట్ ప్యాడు కొంటే అందులో ఉండేదీ సాధారణంగా ఈ కార్బన్ నలుపే.

ఇక పిగ్మెంట్ అనే మాట గురించి. ఇక్కడే చాలామంది మోసపోతారు. పిగ్మెంట్లన్నీ ఒక్క కులం కాదు. డైనే తీసుకుని, అల్యూమినియం ఉప్పులాంటి తెల్ల పదార్థంతో కలిపి గట్టి రేణువుగా మార్చే పద్ధతి ఒకటి ఉంది. అలా వచ్చినదాన్ని లేక్ అంటారు. రూపానికి అది పిగ్మెంటే, నీళ్ళలో కరగదు. ఎండలో మాత్రం చాలాసార్లు తన పాత డై బుద్ధే చూపిస్తుంది. చిత్రకారులు శతాబ్దం పైగా వాడిన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు అలాంటిదే. పలచగా వేస్తే వెలిసిపోతుందని తెలిసి ఇప్పుడు చాలామంది దాని బదులు క్వినాక్రిడోన్ ఎరుపులు వాడుతున్నారు. కళ్ళు జిగేల్‌మనిపించే ఫ్లోరోసెంట్ గులాబీ, నిమ్మపచ్చ రంగులు ఇంకా అన్యాయం. అవి చాలావరకు ప్లాస్టిక్ లాంటి రెసిన్లో బంధించిన డైలు, ఎండ చూస్తే చాలు పాలిపోతాయి.

చిత్రకళ రంగుల ట్యూబుల మీద కలర్ ఇండెక్స్ కోడ్లు ఉంటాయి. పీబీకే 7 అంటే కార్బన్ నలుపు, పీబీ 15 అంటే థాలో నీలం, పీఆర్ 101 అంటే ఇనుప ఆక్సైడ్ ఎరుపు. ఈ మూడూ నమ్మదగ్గవి. పీఆర్ 83 కనబడితే అదే పైన చెప్పిన అలిజరిన్. స్టాంపు ప్యాడ్ల మీద మాత్రం ఈ కోడ్లు చాలా అరుదు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. ట్యూబు కొనే చిత్రకారుడికి చెప్పగలిగిన విషయం ప్యాడు కొనే గృహిణికి ఎందుకు చెప్పరు? ఆమె వేసేది పిల్లల ఆట అనుకోవడం వల్లే. మన ఇళ్ళల్లో పుట్టినరోజు పుస్తకాలు, పెళ్ళి ఆల్బమ్‌లు, చనిపోయినవాళ్ళ జ్ఞాపకాల పేజీలు తయారుచేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పనికి దక్కాల్సిన గౌరవంలో ఆ కోడు కూడా ఒక భాగం.

కోడు బదులు డబ్బా మీద పెద్ద మాటలు ఉంటాయి. పర్మనెంట్ అని ఉంటే చాలాసార్లు నీళ్ళకి చెరగదని అర్థం, ఎండకి వెలవదని కాదు. యాసిడ్ ఫ్రీ అంటే కాగితాన్ని పాడుచేసే ఆమ్లం లేదని, అంతవరకే. ఆర్కైవల్, అంటే ఏళ్ళ తరబడి దాచుకోవడానికి పనికొస్తుంది అనే మాట, ఎవరైనా వేసుకోవచ్చు. నీళ్ళకి ఆగడం వేరు, వెలుతురుకి ఆగడం వేరు. ఒక ఇంకు రెండింటికీ ఆగొచ్చు, ఒక్కదానికే ఆగొచ్చు, దేనికీ ఆగకపోవచ్చు. స్టాజాన్ అనే బ్రాండు లాంటి సాల్వెంట్ ఇంకు, అంటే నీళ్ళ బదులు వేరే ద్రావకంతో చేసినది, గాజు మీద, ప్లాస్టిక్ మీద కూడా పట్టుకుంటుంది. ఆ గుణాన్ని చూసి దాన్ని ఎండకి కూడా నమ్మేయడం తప్పు. డిస్ట్రెస్ అనే పేరుతో అమ్మే ఇంకు నీళ్ళు తగిలితే పాకేలా కావాలనే చేసిన డై, పాత కాగితంలా కనిపించే నేపథ్యాలకి అందంగా ఉంటుంది. పేర్లకి పనికిరాదు.

నీళ్ళ సంగతి మా వాళ్ళకి కథగా చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా పెంకులు లేచిపోయి బీరువాలోకి నీళ్ళు వచ్చాయి. తెల్లారి కాగితాలు తాడు మీద ఆరేస్తే అచ్చులో ఉన్న నల్ల అక్షరాలన్నీ చదవడానికి వచ్చాయి. రబ్బరు స్టాంపుల ఊదా ముద్రలు మాత్రం నీటి వలయాలుగా పాకిపోయి ఏ ముద్ర ఎవరిదో తెలియకుండా పోయింది. ఆఫీసు ప్యాడ్ల ఊదా రంగు సాధారణంగా మిథైల్ వయొలెట్ జాతి డై. వెలుతురుకీ ఆగదు, చాలా ప్యాడ్లలో నీళ్ళకీ ఆగదు. అది చూసి కూడా ఎనిమిదేళ్ళ తర్వాత నేను అదే ప్యాడుతో మామ్మ పేరు వేశాను. ఇంట్లో ఉన్న వస్తువు మీద మనకి అనుమానం రాదు.

చెట్టు పాడయ్యాక మొదట ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఒక పన్నెండు రంగుల సెట్టు కొన్నాను. వివరణలో పిగ్మెంట్ అని ఉంది. ముద్ర వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, నీటి చుక్క వేశాను. నలుపులోంచి నీలం వలయం బయటికి వచ్చింది. నిజమైన కార్బన్ నలుపు అలా విడిపోదు. రంగులు కలిపిన డై నలుపు మాత్రమే అలా చేస్తుంది. అమ్మినవాళ్ళకి రాస్తే జవాబు రాలేదు. అప్పటినుంచి పరీక్ష పెట్టకుండా ఏ ప్యాడునీ అసలు పనికి వాడలేదు.

నా పరీక్ష ఇది. అసలు పనికి వాడబోయే కాగితం మీదే అన్ని రంగులూ ఒక వరసలో ముద్ర వేస్తాను. వారం ఆరనిస్తాను. వరస సగం మీద నల్ల అట్ట మడిచి క్లిప్పులు పెట్టి, ఎండ వచ్చే కిటికీకి లోపలి నుంచి అతికిస్తాను. వరస చివర ఒక మూల పసుపు నీళ్ళు రాస్తాను, దాని పక్కన ఆఫీసు ఊదా ముద్ర ఒకటి. పసుపు ముందుగా పోతుంది, తర్వాత ఊదా. ఈ రెండూ పోయాయంటే కిటికీకి తగినంత వెలుతురు వస్తోందని రుజువు. అవి పోయాక కూడా మూడు నెలలు ఉంచి, అట్ట తీసి రెండు సగాలూ పక్కపక్కన చూస్తాను. తేడా కనిపించని రంగే నా పెట్టెలోకి వెళుతుంది. బట్టల పరిశ్రమలో బ్లూ వూల్ స్కేల్ అని ఉంది. ఎనిమిది నీలం ఉన్ని పట్టీలు, ఒకటో నంబరు అన్నిటికన్నా త్వరగా వెలుస్తుంది, ఎనిమిదోది అన్నిటికన్నా ఆలస్యంగా. పరీక్షించే రంగు ఏ పట్టీతో సమానంగా వెలిసిందో చూసి మార్కు ఇస్తారు. నా పసుపు, ఊదా ఆ పట్టీలకి ఇంటి బదులు.

ఈ కిటికీ పరీక్షలో నలుపు, ఇటుక రంగు, ముదురు గోధుమ, నీలం, నీలిపచ్చ నెగ్గాయి. గులాబీ రెండు రకాలూ ఓడాయి. ఒక ముదురు ఊదా పిగ్మెంట్ ప్యాడు మీద నాకు చాలా ఆశ ఉండేది, మామ్మకి ఆ రంగంటే ఇష్టం. అదీ సగానికి పాలిపోయింది.

తెలుగు అక్షరాలు చెక్కేవాళ్ళకి మాత్రం రంగు ఒక్కటే చాలదు, ప్యాడు పైభాగం కూడా చూసుకోవాలి. మామూలు పిగ్మెంట్ ప్యాడు మెత్తటి స్పాంజి. ప్యాడుని చేత్తో పట్టుకుని స్టాంపు మీద తట్టొచ్చు కాబట్టి పెద్ద ఆకులకీ, చెట్టు మొదలుకీ అది చాలా హాయి. కానీ ఇంకు చిక్కగా ఉంటుంది, స్పాంజి మెత్తదనానికి చెక్కిన గుంటల్లోకి దిగుతుంది. మా ఇంట్లో జగన్నాథం అనే పేరు నాలుగు తరాల్లో మూడుసార్లు ఉంది. థ లోపలి చుక్క చుట్టూ ఉండే సన్నటి ఖాళీ ఇంకుతో పూడిపోతే అది అక్షరం కాదు, నల్లటి గుండ్రం. ఇంగ్లిషు అక్షరాలతో పనిచేసేవాళ్ళు ఇచ్చే సలహాలు ఇక్కడ మనకి సరిపోవు. మన లిపి అంతా సున్నలూ, సున్నల్లో చుక్కలూ. సన్నటి అక్షరాలకి నాకు బాగా పనికొచ్చింది జపాన్ కంపెనీ సుకినేకో వాళ్ళ వెర్సాఫైన్. అది నూనె ఆధారిత పిగ్మెంట్ ఇంకు, సన్న గీతల కోసమే చేసినది. ప్యాడు మీద స్టాంపుని నొక్కకుండా మెల్లగా రెండు మూడుసార్లు తాకించి తీయాలి. థ లో చుక్క చుక్కగా నిలిచింది.

ఆరడం గురించి మా వైపు వాళ్ళు జాగ్రత్తగా వినాలి. నీటి ఆధారిత పిగ్మెంట్ ఇంకుల్లో గ్లిజరిన్ లాంటి తడి పట్టే పదార్థాలు కలుపుతారు, అందుకే ప్యాడు ఎండిపోదు. అదే గుణం ముద్రనీ ఆరనివ్వదు. సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా ఈ ముద్రలు రోజుల తరబడి చేతికి అంటుకుంటూనే ఉంటాయి. నిగనిగలాడే కాగితం మీద అయితే ఇంకడానికి దారే లేదు, దాదాపు ఎప్పటికీ ఆరదు. గరుకు కాగితం వాడండి. క్రాఫ్ట్ హీట్ గన్నుతో వేడి పట్టించండి. హెయిర్ డ్రయ్యర్‌తో తడి కొంత లాగవచ్చు గానీ, ఎంబాసింగ్ పౌడర్ (తడి ముద్ర మీద చల్లి, వేడికి కరిగించి అక్షరాన్ని ఉబ్బెత్తుగా చేసే పొడి) చల్లితే అది కరగదు, గాలికి పొడి ఎగిరిపోతుంది.

శుభ్రం చేయడానికి సబ్బు నీళ్ళు చాలు, కానీ వెంటనే చేయాలి. పిగ్మెంట్ ఒకసారి గుంటలో ఎండితే తవ్వి తీయాల్సిందే. కిరోసిన్ పెట్టి తుడవకండి, రబ్బరు ఉబ్బి అక్షరం వంకర తిరుగుతుంది.

ఖర్చు గురించి మా పిన్ని నాతో గట్టిగానే వాదించింది. "ఒక్క డబ్బా డబ్బుకి మామూలు ప్యాడ్లు అరడజను వస్తాయి కదే. ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే సరిపోదా?" అని. పిన్ని మాట కొట్టేయలేను. మిఠాయి పెట్టెల మీద చీటీలకీ, అప్పడాల ప్యాకెట్ల మీద ముద్రలకీ, దీపావళి కార్డులకీ నేనిప్పటికీ డై ప్యాడ్లే వాడతాను. అవి వారంలో చెత్తబుట్టలోకి వెళతాయి, వాటికి ఖరీదైన ఇంకు దండగ. ఫొటోలు కూడా తీశాను, మూడు చోట్ల దాచాను. కానీ పిల్ల అక్షరాలు నేర్చుకున్నది ఫోనులో ఫొటో చూసి కాదు. వస్తూ పోతూ, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ గోడ ముందు నిలబడి నేర్చుకుంది. గోడ మీద ఉన్నదే గోడ మీద పని చేస్తుంది. పన్నెండు రంగులు కొనక్కర్లేదని కూడా పిన్నికి చెప్పాను. మంచి నలుపు ఒక్కటి చాలు. డబ్బు మిగిలితే ఇటుక రంగు ఒకటి.

కాగితాన్ని కూడా మార్చాను. మొదటిసారి వాడింది చవక డ్రాయింగ్ షీటు. రెండేళ్ళకి అదీ పసుపు పట్టింది. చెక్క గుజ్జులో ఉండే లిగ్నిన్ వెలుతురుకి పసుపెక్కుతుంది, పాత దినపత్రిక చూస్తే తెలుస్తుంది. ఈసారి నూలు గుజ్జుతో చేసిన, ఆమ్లం లేని మందపాటి కాగితం తెప్పించాను.

2024 వేసవిలో, గాలి పొడిగా ఉన్న వారాలు చూసుకుని, చెట్టు మళ్ళీ మొదలుపెట్టాను. మొదలు ఇటుక రంగు, ఆకులు నీలిపచ్చ, పేర్లన్నీ నలుపు. మామ్మ పక్కన కూర్చుని తాటాకు చూసి ఒక్కో పేరు చదివింది, నేను ఒక్కో అక్షరం వేశాను. మధ్యలో ఆగి, ఎవరు ఎవరికి మేనత్తో, ఎవరిని ఏ ఊరు ఇచ్చారో చెప్పేది. పాత చెట్టులో లేని ఏడు పేర్లు అలా దొరికాయి, అందులో చిన్నతనంలోనే పోయిన ఆవిడ చెల్లెలి పేరు ఒకటి. తన పేరు వేసేటప్పుడు మాత్రం నా చేతిలోంచి స్టాంపు తీసుకుని తనే వేసింది. చెయ్యి వణికి అక్షరం కొంచెం పక్కకి ఒరిగింది. మళ్ళీ వేద్దామంటే వద్దంది.

ఫ్రేము ఇప్పుడు ఎండ తగలని వేరే గోడకి ఉంది. దాని వెనక అట్ట మీద నేను వాడిన ప్యాడ్ల పేర్లు, కాగితం రకం, వేసిన తేదీ రాసి, మూడు రంగుల ముద్రలూ ఒక వరసలో వేశాను. అచ్చం అలాంటి వరసే ఇంకొకటి, సగం మీద నల్ల అట్టతో, తూర్పు కిటికీకి అతికించి ఉంది. నెలకోసారి పిల్లలు ఆ అట్ట ఎత్తి చూస్తారు.